4417

జాప్లిన్ యార్డులో తిరిగొచ్చిన ట్రక్కులు కడగడం నా పని.
తిరిగొచ్చినవంటే,
కొనుక్కుంటున్నవాళ్ళు ఇక కట్టలేక
తాళంచెవి కౌంటరు మీద పెట్టి
బస్సెక్కి వెళ్ళిపోయినవి.
కాగితం మీద దాని పేరు లీజు-పర్చేజు.
నేతిబీరకాయలో నెయ్యెంతో
అందులో కొనడం అంత.

4417ని ఇప్పటికి మూడుసార్లు కడిగాను.
నీలం బండి. ఎడమ తలుపు మీద
పేరు రాయించుకోవడానికి కాస్త జాగా.
మొదటిసారి అక్కడ రోస్కో టిల్‌మన్ అని ఉండేది,
పసుపు అక్షరాలు, కింద చిన్నగా ఓనర్ అని.
హీట్ గన్ పట్టి గోటితో ఒక్కొక్కటే లేపాను.
ఇంగ్లీషులో ఆ మొదటి అక్షరం అచ్చం సున్నా.
అదే చాలాసేపు వదల్లేదు.

రెండోసారి లారెడో నుంచి మారిబెల్ ఓర్నెలాస్.
బండంతా నిమ్మకారం వాసన.
సీటు వెనక వారం వారం లెక్కల చీటీలు,
రబ్బరుబ్యాండు వేసి, ఒక్కటీ పోకుండా.
బండి అద్దె. ట్రైలరు అద్దె. డీజిలు. బీమా.
టైర్ల నిధి, రిపేర్ల నిధి,
ఆమె ఎక్కడుందో కంపెనీకి చెప్పే పెట్టెకి కూడా
ఆమె దగ్గరే అద్దె.
అన్నీ పోగా అడుగున ఒక అంకె, ముందు మైనస్:
నలభై ఒక్క డాలర్లు.
మూడువేల మైళ్ళు తోలి, ఆ వారం, ఆమే బాకీ.
పక్కన పెన్నుతో స్పానిష్‌లో ఏదో రాసుకుంది.
నాకా భాష రాదు.
వాక్యం మొదట్లో తలకిందులుగా వేలాడే ప్రశ్న గుర్తు మాత్రం
బాగానే అర్థమైంది.

అప్పుడే పరుపెత్తి చూశాను.
కింద ప్లైవుడ్ మీద పెన్సిలు గీతలు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
రోస్కోవి ఎనభై ఎనిమిది.
కాస్త ఖాళీ వదిలి, సన్నని చేతితో,
మారిబెల్‌వి నూట ఇరవై ఒకటి.
నూట యాభై ఆరు గీస్తే బండి సొంతం.
నేనెవరికీ చెప్పలేదు. పరుపు దించేశాను.

ఈ సారి లవెల్ ప్రూయిట్.
నెమ్మదైన మనిషి, నన్ను మేడమ్ అనేవాడు,
విండ్‌షీల్డు తనే తుడుచుకునేవాడు.
సెలైనా దగ్గర మంచులో టర్బో పోయింది.
పదకొండు రోజులు షాపులో బండి,
పార్కింగులో లవెల్,
ఆగని మీటరులా వాయిదా.
అతని గీతలు నూట నలభై.
వాటి కింద ముగ్గురివీ కలిపి కూడాడు:
మూడువందల నలభై తొమ్మిది.
దాన్ని నూట యాభై ఆరుతో భాగించాడు.
రెండు. ఇంకా కొంత మిగిలింది.
అంటే ఈ బండిని రెండుసార్లు కొనేశారు.
అయినా ఇది ఎవరిదీ కాదు.
కాదు, ఎవరిదో నాకు తెలుసు.
నా జీతం చెక్కు మీద ఉండేదీ ఆ పేరే.

ఇదీ చెప్పాలి కదా:
బండికి అరవై డాలర్లు నాకు.
ఎంత తొందరగా తిరిగొస్తే అంత పని.
మా సింకు కింద పైపు
లవెల్ పోయిన వారమే మార్పించాను.

హోయ్ట్ వచ్చి గీతలు చూశాడు.
గరుక్కాగితం నా చేతిలో పెట్టి
సోమవారం లోపు, వైనీమా, అన్నాడు.
అవతల హాల్లో కొత్తవాళ్ళు పదిహేనుమంది,
బట్టలు చెత్తసంచుల్లో,
తెర మీద సూర్యోదయంలో మెరిసే ట్రక్కు.
నీకు నువ్వే బాస్, అంటోంది మైకు.
ముందు వరసలో ఒక కుర్రాడు
మధ్య పేరుకి రెండు ఎల్‌లా ఒకటా అని
వాళ్ళమ్మకి ఫోన్ చేసి అడుగుతున్నాడు,
తలుపు మీద తప్పు పడకూడదని.

గరుక్కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
ఒక మూల లవెల్ పెన్సిలు దొరికింది, మొద్దుబారి.
దాన్ని చెక్కాను.
ఉన్నచోటే పెట్టి
పరుపు వేసేశాను.